ముక్కుపిన్ని చీటీ

మొదట వాసన చూసింది. బల్ల మీద పెట్టిన పాత రేడియో సెట్టు వెనక్కి వెళ్ళి, వంగి, గాలాడేందుకు వేసిన చిల్లులకు ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని నెమ్మదిగా ఊపిరి పీల్చింది. కాస్త ఆగి, ట్రాన్స్‌ఫార్మరు ఉండే మూలకు జరిగి మళ్ళీ పీల్చింది. పాత మైనం, దుమ్ము, ఎప్పుడో తడిసి ఆరిన అట్టముక్క వాసన. ఎలుకలు కాపురం పెట్టలేదు. మాడిన వార్నిషు కంపు లేదు. ట్రాన్స్‌ఫార్మరు ఒకసారి మాడితే ఆ కంపు ముప్పై ఏళ్ళయినా పోదనీ, సెంటు కొట్టి తెచ్చినా తను పట్టేస్తాననీ ఆమె అంటుంది. నిజంగానే ఒకడు సెంటు కొట్టి తెచ్చాడు. పట్టేసింది.

అందుకే బజారులో ఆమెకు ముక్కుపిన్ని అని పేరు. ఎదురుగా పిన్నీ అంటారు, వెనక నుంచి ముక్కు తగిలిస్తారు. ఆమెకు తెలియనిదేం కాదు. "ఉన్న ముక్కుకే కదా పేరొచ్చింది, లేని ముక్కుకి కాదుగా" అని ఊరుకుంటుంది.

పాత ఎలక్ట్రిక్ సామాన్లు కొని అమ్మే ఆ దుకాణంలో ముందు గది యజమానిది, వెనక గది ఆమెది. ముందు గదిలో పంకాలు, ఇస్త్రీపెట్టెలు, మూతలూడిన టేప్‌రికార్డర్లు. వెనక గదిలో పొడవాటి చెక్కబల్ల, రెండు ట్యూబులైట్లు, కిటికీలోంచి డాబా మీది ఏరియల్‌కు పాకిన నల్లటి తీగ, గోడ పొడవునా ఇనప అల్మారా. అల్మారా నిండా హామ్ రేడియో సెట్లు. లైసెన్సు తీసుకుని, ఇంట్లో కూర్చుని, ఎవరి తీగలూ స్తంభాలూ అక్కర్లేకుండా ఎక్కడెక్కడి మనుషులతోనో గాలిలో కబుర్లు చెప్పుకునే ఒక జాతి జనం ఉన్నారు. వాళ్ళ సెట్లు అవి. వినేదీ మాట్లాడేదీ ఒకే పెట్టెలో ఉంటుంది. ఆమె దగ్గరికి వచ్చేవన్నీ వాల్వు సెట్లు, యాభై అరవై ఏళ్ళ నాటివి, ఎత్తితే నడుం పట్టేసేంత బరువువి. సెట్టు గలాయన పోతాడు, లేదా చిన్న ఇంటికి మారతాడు, సెట్టు ఇక్కడికి చేరుతుంది. కొనడానికి వచ్చేవాళ్ళకు కావలసింది ఒక్క ముక్కే. ఇది పలుకుతుందా, పలకదా?

ఆ ముక్క చెప్పడమే ఆమె ఉద్యోగం. చూసిన ప్రతి సెట్టుకూ ఒక చీటీ రాసి, ముందున్న పెద్ద మీటకు తెల్లదారంతో కడుతుంది. చీటీ మీద ఆమె రాసేవి మూడే మాటలు. "పలుకుతుంది." "పలికించవచ్చు." "విడిభాగాలకు." ధర సంగతి యజమాని చూసుకుంటాడు, దాని గురించి ఆమెను అడిగితే ముఖం చిట్లిస్తుంది. కింద సంతకం బదులు తేదీ వేస్తుంది. పందొమ్మిదేళ్ళలో పలుకుతుందని ఆమె రాసిన సెట్టును పలకలేదంటూ వెనక్కి తెచ్చినవాడు లేడు. పక్క ఊళ్ళ వాళ్ళు ఫోన్ చేసి, సెట్టు ఎలా ఉందని అడగరు. చీటీలో ఏముందని అడుగుతారు.

వాసన అయ్యాక మరలు చూసింది. మర గాడి చుట్టూ గీతలుంటే ఎవరో తెలిసీ తెలియనివాడు చెయ్యి పెట్టాడన్నమాట. గీతల్లేవు. మూత తీసి, టార్చి వేసి, వాల్వుల తలలు ఒక్కొక్కటే చూసింది. గాజు బుడ్డి పైన లోపలివైపు వెండిపూత మెరుస్తుంటే వాల్వు ప్రాణంతో ఉన్నట్టు. ఆ పూత పాలలా తెల్లబడితే లోపలికి గాలి దూరినట్టు, ఇక దానికి సెలవు. ఈ సెట్టులో అన్నీ వెండిగానే ఉన్నాయి. మధ్యలో ఒక వాల్వు మాత్రం తక్కినవాటికంటే కొత్తది. "ఇది ఒకసారి మార్చాడు పెద్దమనిషి. తెలిసినవాడే" అని తనలో తను అనుకుంది. ఎన్నడూ చూడని మనిషి గురించి ఆమె అలా మాట్లాడుతుంది, పొరుగింటాయన గురించి మాట్లాడినట్టు.

పొట్టి మనిషి. అరవై దాటాయి. మందమైన కళ్ళద్దాలు, బిగించి చుట్టిన ముడి, కుడి బొటనవేలి మీద టంకం పడి కాలిన పాత మచ్చ. ఆమె వేసుకునే నీలం ఏప్రన్‌కు ఎడమవైపున ఒక్కటే జేబు ఉంటుంది. అందులో ఏ సామానూ పెట్టదు. కరెంటు పారుతున్న సెట్టులో చెయ్యి పెట్టేటప్పుడు ఎడమ చెయ్యి ఆ జేబులో ఉండాలి. రెండు చేతులూ లోపల పెడితే కరెంటు ఒక చేతిలోంచి ఎక్కి గుండె మీదుగా రెండో చేతిలోంచి దిగుతుంది. ఇరవై ఏళ్ళ వయసులో రేడియో ఫ్యాక్టరీలో చేరిన మొదటి రోజున మేస్త్రీ నేర్పిన పాఠం అది. ఫ్యాక్టరీలో ఇరవై రెండేళ్ళు శ్రుతి బల్ల దగ్గర కూర్చుంది. పక్కనుంచి వచ్చిన ప్రతి రేడియోనూ చెవి పెట్టి విని, చిన్న మరలు తిప్పి, స్టేషన్లు సరిగ్గా వాటి గీతల మీద పలికేలా చేయడం పని. రోజుకు డెబ్బై రేడియోలు. ఫ్యాక్టరీ మూసేశాక ఈ దుకాణం పెద్దాయన ఆమెను వెతుక్కుంటూ వచ్చి, "చెవి ఉన్న మనిషి కావాలమ్మా" అని తీసుకొచ్చాడు. ఆ పెద్దాయన మూడేళ్ళ కిందట పోయాడు. ఇప్పుడు కొడుకు నడుపుతున్నాడు. అతనూ పిన్నీ అనే పిలుస్తాడు.

ఏళ్ళ తరబడి నిద్రపోయిన సెట్టును ఒక్కసారిగా ప్లగ్గులో పెట్టి స్విచ్చి వేయడం ఆమె దృష్టిలో హత్యతో సమానం. కరెంటును కొద్దికొద్దిగా పెంచే డబ్బా ఒకటి ఉంది. దానికి సెట్టును తగిలించి, పావుగంటకు ఒక గీత చొప్పున పెంచుకుంటూ పోవాలి. పొద్దున్న ఎనిమిదింటికి మొదలుపెడితే మధ్యాహ్నానికి సెట్టు పూర్తిగా లేస్తుంది. ఆ నాలుగు గంటలూ ఆమె వేరే పనులు చూసుకుంటూ, మధ్యమధ్య వచ్చి అరచెయ్యి ఆనించి వేడి చూస్తుంటుంది. జ్వరం వచ్చిన పిల్లకు కూడా ఇంత ఓపిక పట్టరని యజమాని ఎగతాళి చేస్తాడు. ఈ సెట్టునూ అలాగే తగిలించి, మొదటి గీత దగ్గర పెట్టి, గడియారం చూసుకుంది.

ఆ పూట ఆమె మనసు కొంచెం చిరాగ్గానే ఉంది. కారణం ఇంట్లో మొగుడు. ఆయన బస్సు కండక్టరుగా చేసి దిగిపోయిన మనిషి. కిక్కిరిసిన బస్సులో వెనక మెట్టు మీద నిలబడి డ్రైవరుకు వినపడేలా అరిచిన గొంతు అది. అలాంటి మనిషి ఏడాదిగా గొణగడం మొదలుపెట్టాడు. పొద్దున్న కూడా ఏదో అన్నాడు. ఏమిటి అంది. మళ్ళీ అన్నాడు. "నోట్లో ఏం పెట్టుకున్నారండీ, విప్పి మాట్లాడండి" అని కసిరింది. ఆయన ఆమె వంక వింతగా చూసి, వేలు పెట్టి పొయ్యి చూపించాడు. కెటిల్ ఎప్పుడో మరిగి, ఈల వేసీ వేసీ అలసిపోయి, అడుగంటి ఉంది. ఈ నెలలో అది రెండో కెటిల్. ఈ కాలం కెటిళ్ళకు ఈల సరిగ్గా పెట్టి చావరని కెటిల్ కంపెనీని తిట్టుకుంటూ ఆమె పనికి వచ్చేసింది.

తొమ్మిదింటికి టీచరమ్మ వచ్చింది. ఊరి చివర బళ్ళో సైన్సు చెబుతుంది. పిల్లలకు రేడియో క్లబ్బు పెట్టాలని, లైసెన్సు పరీక్ష తనే రాసి ప్యాసై, రెండు వారాల కిందట ఇక్కడే ఒక సెట్టు కొనుక్కుపోయింది. చీటీ మీద పలుకుతుంది అని ఉన్న సెట్టు. ఇప్పుడు దాన్ని దుప్పట్లో చుట్టి, బండివాడి చేత మోయించుకుని తీసుకొచ్చింది. తప్పు తనే చేసినట్టు గుమ్మం దగ్గర నిలబడింది.

"ఏమనుకోకండి పిన్నిగారూ. సెట్టు బాగానే పలుకుతోంది. కానీ ఈల వేస్తోందండీ. పిల్లలు చెవులు మూసుకుంటున్నారు."

"ఈలా?"

"సన్నగా, సూది గుచ్చినట్టు. వాల్వులు వేడెక్కాక మొదలవుతుందండీ. ఇక ఆగదు."

ముక్కుపిన్నికి ముందు నవ్వొచ్చింది. బడి కరెంటులో ఏదో లోపం ఉండి ఉంటుంది, లేదా ట్యూబులైటు చోకు. సెట్టు పలికినా వైరింగు పలకనివ్వని ఇళ్ళు ఆమె చాలా చూసింది. దుప్పటి విప్పి, సెట్టును బల్ల మీదకు ఎక్కించి, ఏరియల్ తగిలించి స్విచ్చి వేసింది. రెండు నిమిషాల్లో వాల్వులు నారింజ రంగుకు వచ్చాయి. స్పీకర్లో గరగర, దూరంగా ఎవరో ఇద్దరు వాతావరణం గురించి మాట్లాడుకుంటున్న మాటలు. మీట తిప్పింది. ఇంకో గొంతు. శుభ్రంగా ఉంది.

"బాగానే ఉందిగా అమ్మా."

టీచరమ్మ ఆమె వంక చూసింది. "ఇప్పుడూ వేస్తోంది కదండీ" అంది మెల్లగా.

ముక్కుపిన్ని స్పీకరు దగ్గరకు వంగింది. కుడి చెవి పెట్టింది, ఎడమ చెవి పెట్టింది. గరగర తప్ప ఏమీ లేదు. ఈ పిల్ల చదువుకున్నదే గానీ చెవుల్లో ఏదో గుయ్యిమంటోంది కాబోలు, మెత్తగా ఎలా చెప్పడమా అని ఆలోచిస్తుండగా ముందు గదిలోంచి యజమాని కేక వినపడింది.

"పిన్నీ! ఆ కీచు కట్టేయండి బాబూ! ఫోన్లో మనిషి మాట వినపడి చావట్లేదు!"

ఆమె చెయ్యి మీట మీదే ఉండిపోయింది. టీచరమ్మ తల దించుకుంది.

బల్ల చివర చిన్న తెర ఉన్న ఒక పరికరం ఉంది. సెట్టులో పారేదాన్ని గీతగా గీసి చూపిస్తుంది. ఆమె దాన్ని అరుదుగా వాడుతుంది. రెండు తీగలు తెచ్చి స్పీకరుకు తగిలించింది. తెర మీద గీత తిన్నగా లేదు. దువ్వెన పళ్ళలా సన్నగా, ఒత్తుగా, ఆపకుండా వణుకుతోంది. ఈల ఉంది. తెర మీద ఉంది, ఈ ఇద్దరి చెవుల్లో ఉంది, ముందు గదిలో యజమాని దాకా వెళ్ళింది. మధ్యలో తనొక్కతే లేదు.

ముందు భయం వేసింది. ఆ వెనకే సిగ్గు వేసింది, మామూలు సిగ్గు కాదు, నిండు బజారులో కాలు జారి పడ్డట్టు. గొణిగే మొగుడు, ఈల వేయని కెటిళ్ళు, అన్నీ వరుసగా వచ్చి ఎదురుగా నిలబడ్డాయి. చెవి ఉన్న మనిషి కావాలని పెద్దాయన తెచ్చిన మనిషి ఈమె. ఇంకొకరైతే తెర వైపు కూడా చూసేవారు కాదు. మీ బడి కరెంటే బాగోలేదని దబాయించి పంపేవారు. పందొమ్మిదేళ్ళ పేరు వెనక ఉన్నప్పుడు దబాయింపు ఏమంత కష్టం? అలాంటి పెద్దలను మనం చూడలేదా? ముక్కుపిన్ని కళ్ళద్దాలు తీసి, ఏప్రన్ అంచుతో తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుంది.

"నాకు వినపడట్లేదమ్మా" అంది. "నువ్వన్నది నిజమే. కూర్చో, బాగుచేసి ఇస్తా."

సెట్టు కట్టేసి, ప్లగ్గు పీకి, లోపల దాగిన కరెంటును చెక్కపిడి ఉన్న కడ్డీతో నేలకు దించింది. ఈల ఎక్కడినుంచి వస్తుందో వెతకనక్కర్లేదు, చేతికి తెలుసు. స్పీకరును నడిపే వాల్వు పక్కన బొటనవేలంత కెపాసిటరు. పైకి నిగనిగలాడుతోంది, లోపల ఎండిపోయింది. రెండు కాళ్ళ దగ్గరా టంకం కరిగించి తీసి, కొత్తది పెట్టింది. ఆమె చేతిని చూస్తూ కూర్చున్న టీచరమ్మ తర్వాత తన పిల్లలకు చెప్పింది, ఆవిడ టంకం వేస్తుంటే గాజు మీద నీటిచుక్క నిలబడ్డట్టు నిలబడిందని. మళ్ళీ స్విచ్చి వేసి, వాల్వులు వేడెక్కేదాకా ఆగి, తెర చూసింది. గీత తిన్నగా ఉంది.

"ఆగిందా అమ్మా?"

"ఆగిందండీ."

అది చాలలేదు. ముందు గది వైపు తిరిగి కేకేసింది. "ఏమయ్యా, ఆగిందా?"

"ఆగింది పిన్నీ! బతికాం!"

తను పలికించిన సెట్టు పలికిందో లేదో ఇంకొకరిని అడగడం ఆమె బతుకులో అదే మొదటిసారి.

పది కావస్తోంది. ప్రతిరోజూ పదింటికి ఆమెకు గాలిలో ఒక మనిషి దొరుకుతాడు. ఎక్కడో నాలుగు జిల్లాల అవతల ఊళ్ళో, ఒకప్పుడు టెలిగ్రాఫు ఆఫీసులో పనిచేసిన ముసలాయన. పందొమ్మిదేళ్ళుగా మాటే తప్ప ముఖాలు తెలియవు. ఆమె పదింటాయన అంటుంది, గాలిలో మాత్రం అన్నయ్యగారూ అని పిలుస్తుంది. పలుకుతుంది అని రాయబోయే ప్రతి సెట్టునూ ఆమె ముందు ఆయనతో మాట్లాడించి చూస్తుంది. మాట ఎలా వస్తోందో ఆయన నిర్మొహమాటంగా చెబుతాడు. డబ్బాలోంచి వస్తున్నట్టుంది చెల్లెమ్మా, అప్పుడే రాయకు అంటే రాయదు. ఆమె చీటీలో సగం మాట ఆయనది.

టీచరమ్మ సెట్టుకే మైకు తగిలించింది. పెద్ద వాల్వుల కరెంటు సూది చూసుకుంటూ మీట తిప్పింది. సూది వీలైనంత కిందికి దిగి నిలబడగానే, సెట్టూ ఏరియలూ కుదిరాయిలే అనుకుని పిలిచింది. ఆయన గొంతు వెంటనే వచ్చింది, బొంగురుగా, తాపీగా, మాటకూ మాటకూ మధ్య చోటు వదులుతూ. తన వంతు అయిందని చెప్పడానికి గాలిలో చివర ఓవర్ అనాలి.

"వచ్చావా చెల్లెమ్మా. సెట్టు బాగుంది. నీ మాట గుండ్రంగా ఉంది. రాసెయ్యొచ్చు. ఓవర్."

"సెట్టు సంగతి అలా ఉంచండి అన్నయ్యగారూ. ఒకటి అడుగుతా, నిజం చెప్పండి. నాకు వినికిడి తగ్గిందని మీకెప్పుడైనా అనిపించిందా? ఓవర్."

గరగర తప్ప ఏమీ రాలేదు. లైను పోయిందనుకుని టీచరమ్మ స్పీకరు వైపు వంగింది.

"అనిపించింది" అన్నాడు చివరికి. "పోయిన వానాకాలం నుంచి. చెప్పిందే రెండోసారి అడిగేదానివి. సన్నటి అక్షరాలు నీకు అందట్లేదని తెలిసింది. అందుకని నేనే మెల్లగా మాట్లాడటం మొదలెట్టా. గొంతు లావు చేసుకున్నా. ఇక్కడ మైకు కూడా మార్చేశా, బొంగురుగా పోయేది పెట్టుకున్నా. నువ్వు రెండోసారి అడగటం మానేశావు. సర్దుకుందిలే అనుకున్నా. ఓవర్."

ముక్కుపిన్ని మైకు చేతిలోకి తీసుకుంది. ఏడాదిగా ఒక ముసలాయన తన కోసం పూటపూటా గొంతు మార్చుకుని మాట్లాడాడు. తనకు చెవి బాగానే ఉందని తను అనుకోవడానికి కారణం ఆయన మంచితనమే. కోపం రావాలో కన్నీళ్ళు రావాలో తెలియక రెండూ కొంచెం కొంచెం వచ్చాయి.

"నాతో ఒక్కమాట అనలేకపోయారా? చీటీ మీద నమ్మకంతో కొన్నవాళ్ళున్నారు అన్నయ్యగారూ. ఓవర్."

"తప్పే. చెబితే నువ్వు పని మానేస్తావని తెలుసు. మానేస్తే పదింటికి రావు. ఇక్కడ నాతో రోజూ మాట్లాడేది నువ్వొక్కదానివే చెల్లెమ్మా. నా స్వార్థం నేను చూసుకున్నా. ఓవర్."

టీచరమ్మ లేచి కిటికీ దగ్గరకు వెళ్ళి అటు తిరిగి నిలబడింది. వినకూడనిది వింటున్నట్టు అనిపించింది ఆమెకు.

"పని మానేస్తా" అంది ముక్కుపిన్ని. "పదింటికి మాత్రం వస్తా. మా ఇంట్లో ఒక డొక్కు సెట్టుంది, ఇన్నాళ్ళూ దాన్ని చూసే తీరిక లేదు. వారం రోజుల్లో లేపుతా. మీరు ఆ బొంగురు మైకు తీసేయకండి. ఓవర్."

"తీయను. ఒట్టు" అన్నాడాయన. ఓవర్ అనడం మర్చిపోయాడు. టెలిగ్రాఫు మనిషి అలా మర్చిపోవడం ఆమె ఎన్నడూ వినలేదు.

మైకు పెట్టేసి చీటీ తీసింది. రాసి, తేదీ వేసి, టీచరమ్మ చేతిలో పెట్టింది. అందులో ఇలా ఉంది: "పలుకుతుంది. ఈల వేసేది, కెపాసిటరు మార్చాను. ఆగిందని కొన్నావిడా యజమానీ చెప్పారు. నా చెవికి అందదు."

"ఇలా ఎందుకండీ రాయడం?" అంది టీచరమ్మ. "నాకు మీ మీద నమ్మకమే."

"నీకు నమ్మకమేనమ్మా. నీ తర్వాత కొనేవాళ్ళకి?"

టీచరమ్మ ఆ చీటీని నాలుగు మడతలు పెట్టి పర్సులో లోపలి అరలో దాచుకుంది. బండి ఎక్కేముందు వెనక్కి వచ్చి, ఒకసారి బడికి వచ్చి పిల్లలకు టంకం వేయడం నేర్పమని అడిగింది. వినపడేలా అడిగింది, గట్టిగా కాదు, ఎదురుగా నిలబడి, మాట విడదీసి. ముక్కుపిన్ని చూద్దాంలే అంది.

యజమానికి చెప్పడం తేలికగా అవలేదు. అతను ముందు నమ్మలేదు, తర్వాత నవ్వాడు, ఆ తర్వాత తలుపు దగ్గరగా వేశాడు.

"ఎవరికి తెలుసు పిన్నీ? నాకూ మీకూ, ఆ టీచరమ్మకూ. ఆవిడ చెప్పుకు తిరిగే మనిషి కాదు. మీ చీటీ ఉంటే చాలు, జనం కళ్ళకద్దుకుని తీసుకెళ్తారు. ఇంకో అయిదేళ్ళు లాగించొచ్చు."

"పిల్లి కళ్ళు మూసుకుని పాలు తాగినట్టా?"

"పోనీ మీటరుతో చూడండి. తెర ఉందిగా. అందులో ఈల కనపడిందన్నారుగా."

"వెతికాను గనక కనపడింది" అంది ఆమె. "మీటరు అడిగినదానికే చెబుతుందయ్యా. చెవి అడగనిది కూడా చెబుతుంది. ఆ అడగనిది వినడానికే మీ నాన్న నన్ను తెచ్చాడు."

అతను చెడ్డవాడు కాదు. ఆమె లేని వెనక గది అతను ఎన్నడూ ఊహించుకోలేదు, అంతే.

మధ్యాహ్నం ఆమె భోజనం డబ్బా తెరవలేదు. తన నోటుబుక్కు తీసి పోయిన వానాకాలం దాకా వెనక్కి తిరగేసింది. పలుకుతుంది అని రాసి అమ్ముడుపోయినవి టీచరమ్మది కాక తొమ్మిది. కొన్నవాళ్ళ పేర్లు, ఊళ్ళు, ఫోను నంబర్లు వరుసగా ఒక కాగితం మీద ఎక్కించి యజమానికి ఇచ్చింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి, ఈల గానీ కీచు గానీ వస్తోందా అని అడగమంది. వస్తుంటే సెట్టు పంపమను, చేతులు బాగానే ఉన్నాయి, నేనొచ్చి సరిచేసి పోతాను అంది. మాట ఇచ్చి వెనక్కి తీసుకోవడం అవమానం కాదా అని అతను మొహమాటపడ్డాడు. తప్పు మాటను మెడలో కట్టుకుని ఊరేగడం అంతకంటే అవమానం అంది. ఆ ఒక్కచోటే ఆమె గొంతు పెరిగింది.

మధ్యలో మొగుడికి ఫోన్ చేసింది. ఆయన ఎత్తాడు. ఏదో అన్నాడు.

"గట్టిగా మాట్లాడండి. గొంతు పోయింది మీకు కాదు, చెవి పోయింది నాకు. ఇవాళే తెలిసింది."

అటునుంచి పాత కండక్టరు గొంతు, బస్సు వెనక మెట్టు మీది గొంతు, ఫోను పగిలేలా వచ్చింది.

"అయితే ఏడాదిగా నేను తిన్న తిట్లన్నీ వాపసు ఇస్తావా?"

ఆమె నవ్వింది. నవ్వుతుంటేనే కళ్ళ వెంట నీళ్ళు కారాయి. యజమాని ముందు గదిలోకి వెళ్ళిపోయి, అక్కర్లేకపోయినా పంకాలు తుడవడం మొదలుపెట్టాడు.

పొద్దున్న మొదలుపెట్టిన సెట్టు అప్పటికి పూర్తిగా లేచింది. అరచెయ్యి ఆనించి చూసింది. వేడి సరిగ్గా ఉంది. కట్టేసి, కాగితం మీద "మాడలేదు, ఎవరూ కెలకలేదు, వాల్వులు బాగున్నాయి. విన్నవాళ్ళు తక్కింది రాయాలి" అని రాసి దాని మీద బరువు పెట్టింది. ముక్కుకూ కంటికీ తెలిసినంతవరకే.

ఆ తర్వాత అల్మారా దగ్గరకు వెళ్ళింది. అందులో పలుకుతుంది అన్న చీటీలతో పదకొండు సెట్లు అమ్మకానికి ఉన్నాయి. అన్నీ ఈ ఏడాదిలో రాసినవే. మొదటిదాని ముందు నిలబడి, చీటీని పట్టుకుని, చిల్లు దగ్గర చింపి తీసేసింది. రెండోది తీసింది. కింది అరలో వాటికి మోకాళ్ళ మీద కూర్చోవలసి వచ్చింది. కొన్నింటి మీద చెయ్యి కాసేపు ఆగింది. ఒకదాన్ని లేపడానికి మూడు వారాలు పట్టింది, అది ఆమెకు గుర్తుంది. వాటిలో నిజంగానే శుభ్రంగా పలికేవి ఎక్కువే ఉంటాయని ఆమెకు తెలుసు. ఏవో తెలియదు. అందుకే అన్నీ తీసేసింది.

యజమాని గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. ఆపుదామని రెండుసార్లు నోరు తెరిచాడు. మూడోసారి అన్నది వేరే మాట.

"ఆ దారాలు కూడా తీసేయకపోయారా పిన్నీ. బోసిగా ఉన్నాయి."

"ఉంచు. రేపొచ్చే మనిషికి చీటీ కట్టుకోడానికి పనికొస్తాయి."

ఏప్రన్ విప్పి మడిచి సంచిలో పెట్టుకుంది. ఆ పదకొండు చీటీలూ సంచిలోనే వేసుకుంది, చెత్తబుట్టలో వేయలేదు. పందొమ్మిదేళ్ళు పనిచేసిన మనిషి వెళ్ళిపోతుంటే నాలుగు మాటలైనా చెప్పాలని యజమానికి ఉంది. ఏం చెప్పినా ఆమెకు వినపడుతుందో లేదోనని సందేహించి, ఎదురుగా వచ్చి రెండు చేతులూ జోడించాడు. ఆమె అతని చెంప మీద రెండు వేళ్ళతో తట్టి, మెట్లు దిగి, ఎండ తగ్గిన వీధిలో ఇంటివైపు నడిచింది. నాలుగైనా కాలేదు. ఆ వేళకు ఆమె ఇంటిదారి పట్టడం బజారు ఎప్పుడూ చూడలేదు.

యజమాని వెనక గదిలోకి వచ్చి లైట్లు ఆర్పబోయాడు. ఆర్పకుండా అల్మారా ముందు నిలబడ్డాడు. మూడేళ్ళుగా తను అమ్ముతున్నది సెట్లు కాదని అతనికి ఇవాళే తెలిసింది. పైన పంకా తిరుగుతూనే ఉంది. ఆ గాలికి పదకొండు మీటల దగ్గరా పదకొండు తెల్లటి దారాలు, కొసన ఏమీ లేకుండా, మెల్లగా కదులుతున్నాయి.